లేదు అనని కొట్టు

తబస్సుం రాసే పుస్తకాన్ని మనుషులు చదవరు. ఈ మాట మొదట ఆమే చెప్పింది. మనుషులు చదవని పుస్తకాలు మన దగ్గర కొల్లలుగా ఉన్నాయి కదా, ఇదీ ఒకటనుకున్నాను. ఆమె చెప్పింది వేరే సంగతి అని తర్వాత అర్థమైంది.

ఇల్లందు బస్టాండు రోడ్డులో ఆమె నాన్న రజాక్ చాచాకు మందుల కొట్టు ఉంది. కొట్టు మీద రేకుల గది. వాన పడితే ఆ గదిలో ఫోను మాట కూడా వినిపించదు. అందులో కూర్చుని తబస్సుం హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి పనిచేస్తుంది. ఆ కంపెనీ ఒక టూలు తయారుచేసింది. చిన్న కొట్లవాళ్లు, హోటళ్లవాళ్లు తమ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలను ఒక ఏఐ ఏజెంటుకు అప్పగిస్తారు. పోస్టులు పెట్టడం, కామెంట్లకు బదులివ్వడం, మెసేజీలు చూసుకోవడం అన్నీ ఆ ఏజెంటే చేస్తుంది. మాట్లాడే తెలివి ఏజెంటుది, పేజీ మీద పనిచేసే చేతులు ఈ టూలువి. ఆ చేతులను ఎప్పుడు ఎలా వాడాలో చెప్పే పుస్తకం తబస్సుం రాస్తుంది. కంపెనీలో దాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. రజాక్ చాచా కితాబు అంటాడు. బజారులో ఎవరైనా అడిగితే "మా బిడ్డ కితాబు రాస్తది" అని చెప్పి, ఏ కితాబో మాత్రం చెప్పలేక మాట మారుస్తాడు.

"మిక్సీ కొన్నోళ్లు దాని పుస్తకం చదువుతరా? చదవరు. ఏజెంటు చదువుతది. ఒక్క అక్షరం వదలదు. ఏం రాస్తే గదే చేస్తది" అనేది తబస్సుం. గొప్పగానే అనేది. డిగ్రీ చదివి, హైదరాబాదులో గదులు మారి, ఇంటర్వ్యూలలో ఇంగ్లీషు సరిపోలేదనిపించుకుని తిరిగొచ్చిన మనిషికి, రాసిన ప్రతి మాటనూ పాటించే పాఠకుడు దొరకడం చిన్న విషయం కాదు. నిజానికి ఆమె ఇంగ్లీషు నేర్చుకున్నది బడిలో కాదు, కొట్లోనే. మందు డబ్బాల్లో మడిచిపెట్టే సన్నకాగితాలు చదివి నేర్చుకుంది. ఒక పూట మందు మరిచిపోతే ఏం చేయాలి, ఎక్కువైతే ఏం చేయాలి అని వరసగా చెప్పే ఆ పద్ధతి ఆమె రాతలోకి వచ్చింది. పోస్టు విఫలమైతే ఏం చేయాలి, ఎదుటి మనిషి కోపంగా రాస్తే ఏం చేయాలి, ఒకే మాట రెండుసార్లు పడితే ఏం చేయాలి, ఇలా సాగుతుంది ఆమె పుస్తకం.

కొట్టు పక్కనే నా జిరాక్స్ సెంటర్. ఆమె తెలుగులో రాసిన పేజీలు ముందు నాకు చూపించేది. "నీకు అర్థమైతే ఎవరికన్న అర్థమైతది" అనేది. అది పొగడ్తా తిట్టా అని నేనెప్పుడూ అడగలేదు.

ఆ కంపెనీలో ఆమె పని చూసేది ప్రసూన గారు. వాళ్లది పెనుబల్లి దగ్గర మామిడి తోటలున్న కుటుంబం. చెడ్డ మనిషి కాదు. మన ప్రాంతపు పిల్ల అని తబస్సుంకి పని ఇచ్చింది ఆమే. ఒక రోజు ఫోను చేసి, "ఇంగ్లీషులోంచి దింపిన మర్యాద నాకొద్దు తబస్సుం. మీ నాన్నగారు కొట్లో ఎలా మాట్లాడతారో అలా రాయి. కస్టమరుకి సొంత ఊళ్లో ఉన్నట్టు ఉండాలి" అంది.

తబస్సుం అలాగే రాసింది. పుట్టినప్పటి నుంచి వింటున్న మర్యాద కాబట్టి ఎక్కడా ఆగకుండా రాసింది. అందులో ఒకటి బోణీ గురించి.

ఇక్కడ ఏ మతం కొట్టయినా పొద్దున్నే మొదటి గిరాకీకి 'లేదు' అనరు. అంటే ఆ రోజంతా లేదే అవుతుందని నమ్మకం. రజాక్ చాచా ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. షట్టరు ఎత్తి, బిస్మిల్లా అనుకుని, గడప ముందు నీళ్లు చల్లాక వచ్చిన మొదటి మనిషి ఏ మందు అడిగినా "రేపు రా, తెప్పిస్త" అంటాడు. ఆ మనిషి మెట్టు దిగేలోపే ఖమ్మంలోని హోల్‌సేల్ డీలరుకు ఫోను కలుపుతాడు. మర్నాడు బస్సులో ఆ మందు వస్తుంది. బోణీ అయ్యాక మాత్రం ఎవరొచ్చినా "లేదు, అవతల చూసుకో" అని మొహం మీదే చెబుతాడు.

తబస్సుం రాసిన పేజీలో ఇలా ఉంది: 'మన కొట్లలో మొదటి గిరాకీకి లేదు అని చెప్పరు. అడిగిన వస్తువు లేకపోతే, రేపు రండి, తప్పకుండా తెప్పిస్తాం అని చెప్పాలి.' కింద రెండు ఉదాహరణలు. ఆ పేజీ చదివించుకుని రజాక్ చాచా మురిసిపోయాడు. ప్రసూన గారు దాన్ని కంపెనీలో అందరికీ పంపింది.

రాసింది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలంటే నిజమైన పేజీ కావాలి. తబస్సుం తన నాన్న కొట్టు పేజీనే ఏజెంటుకు అప్పగించింది. వారం తిరక్కుండా ఆ పేజీకి మెసేజీలు పెరిగాయి. అడవి లోపలి ఊళ్ల నుంచి కూడా అడగడం మొదలుపెట్టారు. ఫలానా మందు ఉందా అని తెలుసుకోవడానికి బస్సెక్కి రానవసరం లేదు కదా. అదే ఆమె సంతోషం.

ఆ రోజు ముసురు పట్టింది. రజాక్ చాచా షట్టరు ఎత్తుతున్నాడు. నేను నా మిషను మీద కప్పిన పట్టా తీస్తున్నాను.

"ఏం ఉదయ్, ఇయ్యాల గూడ పుస్తకం ముందటేసుకుని కూసుంటవా, ఏమన్న కాయితాలు తీస్తవా?"

"ఎవరన్న వస్తే తీస్త చాచా. రానోళ్లకు ఎట్ల తీసేది?"

"వచ్చినోళ్లు నీ మొఖం చూసి అవతలికి పోతున్నరు. జర నవ్వరాదు. నవ్వుకేమన్న కిరాయి కడుతున్నవా?"

నేను ఏదో అనబోతుండగా పైనుంచి తబస్సుం మెట్లు దిగి వచ్చింది. చేతిలో లాప్‌టాప్ తెరిచే ఉంది. వాన తుంపర దాని మీద పడుతోంది, ఆమె చూసుకోవడం లేదు.

"అబ్బా, పిల్లలకు ఫిట్స్‌కు వాడే ఈ సిరప్ మనకాడ ఉందా?" అని తెర మీద సీసా ఫోటో నాన్నకు చూపించింది.

చాచా కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. "పొద్దుగాల పొద్దుగాల ఏంది బేటా. తెప్పిద్దాం తియ్యి."

"తెప్పించుడు కాదు. ఇప్పుడు ఉందా, లేదా?"

"చెప్తున్న గద, తెప్పిద్దామని."

"అబ్బా, ఒక్కసారి నోరు తెరిచి చెప్పు. ఉందా, లేదా?"

చాచా గడప వైపు చూశాడు. ఇంకా బోణీ కాలేదు. కన్నబిడ్డతో కూడా ఆ మాట అనలేక తల అడ్డంగా ఊపాడు.

తబస్సుం లాప్‌టాప్ కౌంటరు మీద పెట్టింది. ఏజెంటు ఏ పూట ఎవరికి ఏం చెప్పిందో టూలు మొత్తం దాచి ఉంచుతుంది. దాన్ని ఎలా చదువుకోవాలో చెప్పే అధ్యాయం రాద్దామని ఆమె పొద్దున్నే ఆ మెసేజీలు తెరిచింది. అప్పుడు కనపడింది. నిన్న లాల్‌సింగ్ అనే పేరుతో ఒక మెసేజీ వచ్చింది. సీసా ఫోటో, డాక్టరు రాసిన చీటీ ఫోటో. కింద, 'ఈ మందు అయిపోయింది. అడుగున కొంచమే ఉంది. పాపకు తప్పితే ఫిట్స్ వస్తయి. మీ కాడ ఉందా. లేకపోతే లేదని చెప్పండి, భద్రాచలం పోతం.'

ఏజెంటు జవాబు: 'రేపు రండి, తప్పకుండా తెప్పిస్తాం. పాప ఆరోగ్యం జాగ్రత్త.'

'సరే అన్నా. పొద్దుటి బస్సుకు వస్తం.'

నేను రెండుసార్లు చదివాను. 'పాప ఆరోగ్యం జాగ్రత్త' అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. అంత తీయగా అబద్ధమాడే మనిషిని నేను ఇప్పటివరకు చూడలేదు.

"ఇదొక్కటే కాదు. ఏది లేకపోయినా, ఎవరడిగినా గిదే చెప్పింది. క్రీములు, కట్టు గుడ్డలు, గవన్నీ సరే. ఇది..." తబస్సుం చీటీ ఫోటో మీద వేలు పెట్టింది.

"నేను మొదటి గిరాకీకే గద అంట. దానికి గా మాత్రం తెల్వదా?" అన్నాడు చాచా.

"దానికి నిన్న లేదు, ఇయ్యాల లేదు అబ్బా. ఎవరు మాట కలిపితే వాళ్లే దానికి మొదటి గిరాకీ. పొద్దంత బోణీయే."

"రేపు రమ్మని చెప్పినాక ఖమ్మం ఫోను చెయ్యాలె గద?"

"గది నేను రాయలే." ఆమె తెర వైపే చూస్తూ అంది. "నువ్వు అనే మాట రాసిన. చేసే పని రాయలే."

చీటీ మీద ఉన్న నంబరుకు ఫోను చేశాం. అందుబాటులో లేదని వచ్చింది. గుండాల వైపు అడవి దాటేవరకు సిగ్నలు ఉండదు. బస్సు బయల్దేరే ఉంటుంది. ఇల్లందులో ఉన్న మిగతా మందుల కొట్లన్నిటికీ చాచా ఫోను చేశాడు. పెద్ద దవాఖానాలో పెద్ద డాక్టరు రాసిన మందు, చిన్న కొట్లు పెట్టుకోవు. చివరికి ఖమ్మం డీలరు అనిల్‌కుమార్ దగ్గర ఒక సీసా ఉందని తేలింది. బస్టాండుకు మనిషిని పంపి మొదటి బస్సులో వేస్తానన్నాడు. ఆ బస్సు డ్రైవరు కోటేష్. చాచా పార్సిళ్లు చాలావరకు అతనే తెస్తాడు.

తబస్సుం అప్పటికే కొట్టు పేజీని ఏజెంటు చేతిలోంచి తీసేసింది. ప్రసూన గారికి ఫోను చేస్తే ఎత్తలేదు. "ఇంకా వేరే కొట్లల్ల గూడ నేను రాసిన గిదే బోణీ పేజీ నడుస్తంది ఉదయ్. ఆళ్లల్ల మందుల కొట్లు గూడ ఉన్నయి" అంది నాతో.

ఖమ్మం బస్సు కంటే గుండాల బస్సు ముందు వచ్చింది.

అందులోంచి దిగి కొట్టుకు వచ్చిన ఆమె పేరు గోరి అని తర్వాత తెలిసింది. లాల్‌సింగ్ ఆమె భర్త. అతను పనికి వెళ్లిన చోట ఇంకో ఫోను ఉంది, చీటీ మీదున్నదీ మెసేజీ వచ్చిందీ ఇంట్లో ఆమె దగ్గరుండే ఫోను. భుజం మీద నాలుగేళ్ల పాప, పైన కప్పిన తువ్వాలు సగం తడిసింది. మెట్టెక్కుతూనే కవరులోంచి ఖాళీ సీసా తీసి కౌంటరు మీద పెట్టింది.

"నిన్న ఫోనుల రమ్మన్నరు గద అన్నా. ఇదే మందు. జల్దీ ఇయ్యి, పొద్దుటి డోసు పొయ్యలే. ఈడనే పోస్త."

చాచా లేచి నిలబడ్డాడు. "కూసో తల్లీ. మందు తొవ్వల ఉంది, గిప్పుడే..."

"లేదు" అంది తబస్సుం.

చాచా ఆమె వైపు తిరిగాడు. కొట్లో ఆ పూట అదే మొదటి గిరాకీ. ఆ మాట ఆ వేళకు ఆ గడపలో ఎవరూ అని ఉండరు.

"మందు మా దగ్గర లేదక్కా. నిన్న గూడ లేదు. ఖమ్మం నుంచి తెప్పిస్తున్నం, ఎప్పుడొస్తదో చెప్పలేను."

గోరి సీసా వైపు, చాచా వైపు, తబస్సుం వైపు చూసింది. "లేదా?"

"లేదు."

"మరి రమ్మని ఎవరు చెప్పిండ్రు? ఈయననా?"

"ఈయన కాదు. మిషను జవాబిచ్చింది."

"మిషనా? మిషనుకు ఎవరు చెప్పిండ్రు?"

"నేను."

గోరి తర్వాతి మాటలు పెద్దగా అనలేదు, కానీ బయట బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు. "లేదంటే నీ సొమ్మేమన్న పోతుండెనా? రెండక్షరాలు. నిన్ననే చెప్తే భద్రాచలం బస్సెక్కి ఈపాటికి మందు తెచ్చుకుంటుంటి. రేపు దొరుకుతదన్నరు గదా అని నిన్న రెండు పూటలు సగం సగం పోసిన. పొద్దుగాల అది గూడ లేదు. నీకు పిల్లలు లేరు గదా, నీకెట్ల తెలుస్తది. చదువుకున్నవు, మిషను పెట్టుకున్నవు, మంచిగ నవ్వుకుంట పిలిపిచ్చినవు."

తబస్సుం తల దించుకోలేదు. "అవ్ అక్కా" అంది.

ఆమె అలా ఒప్పుకోవడం గోరికి ఇంకా కోపం తెప్పించింది. ఏదో అనబోయింది. అప్పుడే భుజం మీద పాప తల ఒక పక్కకు వాలి, చెయ్యి బిగుసుకుంది.

గోరి ఆ చెయ్యిని పట్టుకోగానే అర్థం చేసుకుంది. తన భాషలో ఒక్క మాట అని కిందనే కూర్చుండిపోయింది. పాప ఒళ్లంతా కొట్టుకుంటోంది. కళ్లు పైకి పోయాయి. జనం మూగారు. ఎవరో బండి తాళాలు తీసి పాప చేతిలో కుక్కబోయాడు. రజాక్ చాచా అతని చెయ్యి పట్టి పక్కకు తోసేశాడు.

"తాళాలతోని ఏం కాదు. జరగండి, గాలి రానియ్యండి. తల్లీ, పక్కకు పండబెట్టు, నోట్ల ఏం పెట్టకు. ఉదయ్, ఆటో."

నేను రోడ్డు మీదికి పరుగెత్తాను. మొదటి ఆటో నిండుగా ఉంది. అందులోవాళ్లు కొట్లోకి చూసి చెప్పకుండానే దిగారు. గోరి, పాప, తబస్సుం వెనక కూర్చున్నారు, నేను డ్రైవరు పక్కన వేలాడాను. సర్కారు దవాఖానా దూరం కాదు. ఆ కాస్త దూరం కూడా బస్సులు, తోపుడుబండ్లు అడ్డం. వెనక్కి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. వెనక తబస్సుం గొంతు వినిపిస్తోంది. "చూస్తున్న అక్కా, ఊపిరి తీస్తున్నది, చూడు, తీస్తున్నది." అదే మాట మళ్లీ మళ్లీ.

దవాఖానాలో డ్యూటీ డాక్టరు వెంటనే చూసింది. ఇంజక్షన్ ఇచ్చాక పాప ఒళ్లు మెల్లగా సడలింది. తర్వాత నిద్రలాంటి మత్తులోకి పోయింది. డాక్టరు గోరిని ఏ మందు, ఎంత, ఎప్పటి నుంచి అని అడిగి, చివరికి అంది: "ఇప్పటికి ఆగింది. ఈ ఇంజక్షన్ పని కొన్ని గంటలే. ఆ సిరప్ సాయంత్రం లోపు పడాలి. లేకపోతే మళ్లీ రావచ్చు. అప్పుడు ఖమ్మం పంపాల్సి వస్తుంది."

గోరి మంచం కింద గచ్చు మీద కూర్చుంది. మమ్మల్ని చూడడం మానేసింది. అదే మేలనిపించింది.

బయట వరండాలో బల్ల మీద తబస్సుం ఫోను మోగింది. ప్రసూన గారు. ఆమె గొంతు నాకు కూడా వినిపించింది.

"ఏంటి తబస్సుం, అన్ని మిస్డ్ కాల్స్. మీ కొట్టు పేజీ డిస్‌కనెక్ట్ అయిపోయిందేంటి? మధ్యాహ్నం టూలు కొనడానికి వచ్చేవాళ్లకి మనం దాన్నే చూపించాలి."

తబస్సుం జరిగింది చెప్పింది. వరసగా, మందుకాగితం చదివినట్టు చెప్పింది.

"పాప ఎలా ఉంది?"

"ఇప్పటికి ఆగింది మేడం. మందు ఇంకా రాలే."

"అయ్యో. సరే, ముందు అది చూసుకో. ఆ సెక్షన్ సంగతి సోమవారం టీమ్‌తో మాట్లాడదాం. తొందరపడి ఏం మార్చకు. అన్నిట్లోకీ ఆ పేజీకే మంచి రెస్పాన్స్ ఉంది, నీకూ తెలుసుగా."

"తీసేసిన మేడం."

"దేన్ని?"

"ఆ బోణీ పేజీని. ఈడికొచ్చినంక ఫోనులనే తీసేసిన. వస్తువు ఉందో లేదో తెల్వకపోతే తెల్వదని చెప్పాలె, లేకపోతే లేదని చెప్పాలె అని గంతే రాసిన."

"ఎవరినడిగి చేశావు?"

"ఎవరినీ అడగలే."

"తబస్సుం, అది నీ ఒక్కదాని పుస్తకం కాదమ్మా. లేదు అని చెప్పే ఏజెంటుని ఏ కొట్టువాడు కొంటాడు?" ప్రసూన గారు ఈ మాట కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర చాలా జవాబులున్నాయి, ఒక్కటీ మర్యాదైనది కాదు.

"నాకు తెల్వదు మేడం" అని తబస్సుం ఫోను పెట్టేసింది. వెంటనే మళ్లీ మోగింది. ఈసారి రజాక్ చాచా.

ఖమ్మం బస్సు కారేపల్లి దాటాక ఆగిపోయిందట. బొగ్గు టిప్పరు ఒకటి వానకు జారి రోడ్డుకు అడ్డం పడింది. అటువి అటు, ఇటువి ఇటు నిలిచిపోయాయి. క్రేను వచ్చేదాకా కదలదని కోటేష్ చెప్పాడు.

"నేను పోత" అన్నాను.

"బండి బ్రేకులు మంచిగ లేవంటివి గద."

"లేవు. పోత."

నేను ధైర్యవంతుణ్ని కాదు. అక్కడ కూర్చోలేకపోయాను, అంతే. వానలో ఆ రోడ్డు మీద బండి నడపడమంటే బొగ్గు బురద మీద నడపడమే. లారీ పక్కనుంచి పోయిన ప్రతిసారీ నల్లనీళ్లు మొహాన కొట్టేవి. మలుపు దగ్గర ఒకసారి వెనక చక్రం పక్కకు జారింది, కాలు ఆన్చి నిలబెట్టుకున్నాను. సాయంత్రం లోపు అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. మబ్బు వల్ల ఎంత పొద్దయిందో తెలియడం లేదు. ఆగి ఫోను తీసి చూసే ఓపిక లేదు.

నిలిచిపోయిన వాహనాల వరస కనపడగానే బండి పక్కన పడేసి నడిచాను. టిప్పరు పక్క చేలోంచి మోకాటి లోతు బురదలో అవతలికి దాటాను. కోటేష్ బస్సు మెట్టు మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏంది, బొగ్గుబాయిల నుంచి పైకొచ్చినట్టున్నవు."

"పార్సిల్ ఏది?"

"ఇదిగో. రజాక్ భాయ్ ఫోను చేసినకాడి నుంచి ఒళ్లనే పెట్టుకున్న. జనం అడుగుతున్నరు, ఏంది బంగారమా అని." చొక్కా లోపలి నుంచి చిన్న డబ్బా తీసి ఇచ్చాడు. "పాపకెట్లుంది?"

"తెల్వదు."

"పో మరి. నిలబడ్డవేంది."

డబ్బాను నేను కూడా చొక్కా లోపలే పెట్టుకున్నాను. తిరుగు దారిలో ఒక చెయ్యి దాని మీదే ఉంది. పడితే నేను పడాలి గాని అది పగలకూడదు. అలాంటి లెక్క వేసుకుంటూ నడిపానని తర్వాత గుర్తొచ్చి నాకే వింతగా అనిపించింది. మనుషుల మీద నాకు అంత ప్రేమ ఉందని ఎవరూ అనరు.

దవాఖానాకు చేరేసరికి తబస్సుం గేటు బయటే వానలో నిలబడి ఉంది. డబ్బా తీసుకుని పేరు, తారీఖు, అన్నీ ఒకసారి చదివింది. అలవాటు. నా ముందే లోపలికి పరుగెత్తింది.

పాప లేచి ఉంది. మత్తుగా, చిరాకుగా, తల్లి కొంగు నోట్లో పెట్టుకుని చూస్తోంది. లిఖిత దాని పేరు. డాక్టరు చూసి ఇదే మందని చెప్పాక గోరి మూతలో కొలిచి పోసింది. మొదటి గుక్కకే పాప మొహం చిట్లించి ఉమ్మబోయింది. గోరి దాని గడ్డం పట్టుకుని తన భాషలో బెదిరించిందో బతిమిలాడిందో తెలియదు. మేమందరం, డాక్టరుతో సహా, ఆ చిన్న గొంతు వైపే చూస్తున్నాం. మింగింది.

గోరి అప్పుడు ఏడ్చింది. మొహం గోడ వైపు తిప్పుకుని, కొద్దిసేపే.

ఇంకాసేపు ఉంచి చూసి డాక్టరు పొమ్మంది. రజాక్ చాచా కొట్టు మూసి వచ్చాడు. ఈ పూటకు తమ ఇంట్లో ఉండమన్నాడు, మీ ఇంటిలాంటిదే అన్నాడు. గోరి వినలేదు. వాగు పొంగితే రేపు కూడా బస్సు పోదు, ఇంట్లో ఇంకో పిల్ల ఉంది, అంది. గుండాల బస్సు దగ్గరికి అందరం కలిసే నడిచాం. తబస్సుం గొడుగు పాప మీదే పట్టింది, తను తడుస్తూ.

గోరి కిటికీ పక్కన కూర్చుంది. పాప ఒళ్లో నిద్రపోయింది. కిందనుంచి తబస్సుం చూస్తూ నిలబడింది. క్షమించమని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు.

మాట కలిపింది గోరే. "ఈ సీసా అయిపోయినంక?"

"భద్రాచలంలో దొరుకుతదో లేదో నేను అడిగి పెడత అక్కా. ఈడికి తెప్పించినా చెప్త."

"ఎవరికి చెప్తవు? మీ మిషనుకా?"

"మిషను తీసేసిన. నా నంబరు రాసుకో. నాకే చెయ్యి."

"ఎత్తుతవా?"

"ఎత్తుత."

"అందరు గట్లనే అంటరు." గోరి ఫోను తీసింది. తబస్సుం చెప్పిన అంకెలు ఒక్కొక్కటే నొక్కి, చెవికి పెట్టుకుంది. కింద తబస్సుం చేతిలో ఫోను మోగింది. తబస్సుం ఇబ్బందిగా నవ్వబోయింది.

"మోగుతున్నది గద. ఎత్తు మరి" అంది గోరి. ఆమె నవ్వడం లేదు.

తబస్సుం ఎత్తి చెవికి పెట్టుకుంది. ఇద్దరి మధ్య కిటికీ ఊచలే ఉన్నాయి. డ్రైవరు ఇంజను వేశాడు. ఆ మోతలో గోరి గొంతు పెంచి ఫోనులోనే అడిగింది.

"హలో. పాప మందు ఉందా మీ కాడ?"

రజాక్ చాచా నా పక్కనే ఉన్నాడు. అతని పెదాలు కదలడం చూశాను. తెప్పిస్తాం అనబోయినట్టే ఉంది.

"లేదక్కా," అంది తబస్సుం ఫోనులో. "ఇప్పుడైతే లేదు. వచ్చినంక నేనే ఫోను చేస్త. నేను చెయ్యంది నువ్వు బస్సెక్కకు."

"మంచిది" అని గోరి ఫోను కట్ చేసింది. బస్సు కదిలింది.